జలదాతకి దాహమేస్తోంది

90వ రోజు

ఇవాళ నాకు పసుపు శాలువా కప్పారు. ఎందుకో రాయాలంటే సిగ్గుగా ఉంది. కానీ చిట్టాలో అబద్ధం రాయకూడదన్నది మా సొరంగం రూలు. దీన్ని ఎవరూ చదవరన్నది కూడా అంతే గట్టి సంగతి కాబట్టి రాసేస్తున్నాను. నాలుగో సొరంగం మొత్తంలో ఈ నెల అందరికంటే ఎక్కువ ఉచ్చ పోసింది నేనే.

నవ్వకండి. కుజుడి మీద ఇది చిన్న గౌరవం కాదు. తాగిన నీరు తిరుగు గొట్టంలో పడాలి, శుద్ధయి వారానికి మళ్లీ కుళాయిలోకి రావాలి. మా బతుకంతా ఆ గొట్టం మీదే నడుస్తోంది. గోడల నిండా "పుచ్చుకున్న చుక్క తిరిగివ్వు" అని రాసుంటుంది. ఎక్కువ తిరిగిచ్చినవాళ్లకి "జలదాత" అని బిరుదు, పైన శాలువా. రంగు పసుపే ఎందుకని ఎవరూ అడగరు.

అంత తిరిగిచ్చిందంటే అంత తాగుండాలి కదా అని ఎవరికైనా తట్టాలి. తట్టదు. తాగేది లెక్కపెట్టేది ఒక ఆఫీసు, తిరిగొచ్చేది లెక్కపెట్టేది ఇంకో ఆఫీసు. ఎప్పుడో ఒక పెళ్లిలో వడ్డన దగ్గర గొడవై ఆ రెండు ఆఫీసుల వాళ్లకీ మాటల్లేవు.

వీధిపెద్ద దమయంతి గారు శాలువా కప్పి "రెండు ముక్కలు మాట్లాడండి" అన్నారు. "సభకి నమస్కారం" అన్నాను. రెండో ముక్క రాకముందే అది వచ్చింది. శాలువాతో సహా తిరుగు గొట్టం ఉండే ధార గదికి పరుగు లంకించుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. "చూశారా, ఇదీ అంకితభావమంటే!" అని ఎవరో అనడం వినిపించింది.

అసలు సంగతి ఏమిటంటే రెండు నెలలుగా నాకు దాహం తీరడం లేదు. చెంబు దించగానే మళ్లీ చెంబు కావాలి. తాగినదంతా తిన్నగా గొట్టంలోకే. మధ్యలో నేనొక మలుపుని, అంతే.

92వ రోజు

ఇవాళ్టి సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు.

దమయంతి గారు వీధి సంఘం సభ్యులిద్దరితో మా ఇంటికొచ్చారు. మా అత్త అప్పలనర్సమ్మని పరీక్షించడానికి. సొరంగంలో భూమ్మీద పుట్టినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కర్తే. నిజమైన ఎండలో వడియాలు పెట్టిన మనిషి. ఏడాదిగా మతి తప్పుతోంది. మనుషుల్ని మరిచిపోతోంది, పగలంతా మగతగా పడుంటోంది. మతి తప్పిన ముసలివాళ్లని కింది అంతస్తుకి పంపేస్తారు. అక్కడ బాగా చూస్తారట. ఆ "అట" దగ్గరే నాకు భయం. కిందికెళ్లినవాళ్లు పైకి రావడం మేమెవరం చూడలేదు.

"అమ్మా, మీ పేరేంటి?" అనడిగారు దమయంతి గారు.

"అప్పలనర్సమ్మ. నా మొగుడి పేరు సెప్పను. కాయితంలో ఉంటాది, సూసుకో."

"ఇది ఏ ఊరు?"

"ఇజీనారం." అంటే భూమ్మీద ఆవిడ ఊరు, విజయనగరం.

"ఈవిడెవరు?" అని నన్ను చూపించారు.

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది. "పంపుకాడ నా బిందె పక్కకెట్టీసి దెబ్బలాడిన మనిసి. దీన్ని ఇంట్లోకి ఎవులు రానిచ్చారు?" అంది.

నేను పుట్టింది ఈ సొరంగంలో. జన్మలో బిందె ఎత్తలేదు. ఆ దెబ్బలాట ఎవరితోనో, ఎన్నేళ్ల కిందటిదో గానీ ఆ కోపం మాత్రం నా మీద తాజాగా ఉంది.

"పైగా మీ ఇంట్లో నీళ్లు వారానికి చాలడం లేదట. పెద్దావిడ తాగేస్తున్నట్టున్నారు" అన్నారు దమయంతి గారు.

"అందులో సగం నాదేనండీ" అన్నాను.

"మీకేమండీ, మీరు జలదాత. మీరు తాగితే ఊరికి లాభం" అని నా భుజం తట్టారు. వెళ్తూ వెళ్తూ, 150వ రోజున మళ్లీ వస్తామన్నారు. అదే ప్రశ్న అడుగుతారట. అప్పటికీ నన్ను గుర్తుపట్టకపోతే కిందికే. ఎవరైనా అత్త దగ్గరకొస్తే చేసే మర్యాద ముగ్గురూ చేసి, కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లారు.

ఆవిడకి నోటినిండా తిట్లే. నా వంట మీద, నా నడక మీద, నా జడ మీద. కానీ మా ఆయన మంచు గనిలో పోయిన రోజున, కన్నకొడుకు శవం పక్కన కూర్చుని, ఆవిడ నా వంక చూసి "తిన్నావేటే?" అంది. ఆ ఒక్క మాటకి జన్మంతా ఆవిడ తిట్లు పడడానికి ఒప్పుకున్నాను. ఆవిడని కిందికి పంపనివ్వను.

101వ రోజు

నా ఉద్యోగం ఇంటింటికీ తిరిగి గాలి ఫిల్టర్లు మార్చడం. ఇదివరకు నలభై ఇళ్లు తిరిగి వచ్చి అత్తతో పోట్లాడేంత ఓపిక ఉండేది. ఇప్పుడు పదిళ్లకే కాళ్లు పీకుతున్నాయి. ఎముకల్లో నొప్పి, కడుపులో వికారం. ఒక దారి ఎప్పుడూ తెరిచే ఉంటోంది గానీ రెండో దారి మూసుకుపోయి నాలుగు రోజులైంది.

పక్కింటి తవిటమ్మ ఇంట్లో ఫిల్టరు బిగించి దిగేసరికి ఆవిడ సీసా పట్టుకుని నిలబడింది. "ఎండ పుచ్చుకో వరాలమ్మా."

నాలుక చాపాను. ఒక చుక్క వేసింది. మాకిక్కడ సూర్యుడు తగలడు కదా, ఎముకలు మెత్తబడకుండా పాతకాలం పెద్దలు రోజుకో ఎండచుక్క పెట్టారు. అది ఎప్పుడు మర్యాదగా మారిందో తెలియదు. ఇప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు ఎండ, తర్వాతే మాట. కాదంటే ఆ ఇల్లు చీకటైపోవాలని కోరుకున్నట్టే.

"కొత్త సరుకు, సూడు" అంటూ తవిటమ్మ బంగారు రంగు మూత చూపించి మురిసిపోయింది. "ఊరందరికీ ఏడాది కితమే వచ్చీసింది, నాకిప్పుడు దొరికింది. పాతదానికి పదింతలు బలమంట. మీయత్తకీ ఓ సుక్క ఏసొస్తాను, దీవెన తీసుకున్నట్టుంటాది."

ఆవిడ అత్త దగ్గరకెళ్లింది. నేను ఇంకో ముప్పై గుమ్మాలకి వెళ్లాను.

106వ రోజు

ఇక తప్పక డాక్టరు త్రినాథ్ గారి దగ్గరకి వెళ్లాను. వెళ్లేముందే సొరంగమంతా తీర్పు చెప్పేసింది. షుగర్. బెల్లం ముక్క ఏడాదికోసారి చూసే మనిషికి షుగర్ ఏమిటన్నాను. జాతకంలో ఉండాలి అన్నారు. నా జాతకంలో ఉన్నది కుజదోషం ఒక్కటే. ఇక్కడ పుట్టినవాళ్లందరికీ ఉన్నది కూడా అదే కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

త్రినాథ్ గారు చిన్నవాడే. మర్యాదస్తుడు, కాస్త కంగారు మనిషి. రక్తం తీశారు. పరికరం వంక చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు.

"షుగర్ లేదండీ. బంగారంలా ఉంది."

"మరి దానికి అంత దిగులుపడతారేంటి బాబూ?"

"ఉంటే సులువుగా తేలిపోయేది" అన్నారు నిజాయితీగా. "ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఒక్కటీ లేదు."

"బలానికి గోళీలు, కషాయాలు, ఎవరో ఇచ్చిన పొడులు?"

"మా ఆయన మీదొట్టు. నా నోట్లో మందు చుక్క పడి ఏడాదైంది."

అయితే మూడు దారులున్నాయన్నారు. దాహం లేకపోయినా అలవాటుకొద్దీ తాగుతుండవచ్చు. లేదా నీళ్లు పట్టి ఉంచమని మెదడు పంపే కబురు ఆగిపోయి ఉండవచ్చు. అదీ కాకపోతే, కబురు వస్తున్నా కిడ్నీలు వినకపోవచ్చు. ఏదో తేలాలంటే ఒక పూటంతా నీళ్లు లేకుండా తన కళ్లెదుట కూర్చోవాలట.

లేచి వస్తుంటే బల్ల మీది సీసా తీసి "ఎండ పుచ్చుకోండి" అన్నారు. పుచ్చుకున్నాను. డాక్టరు చేతి ఎండ, ఇంకా మంచిది కదా అనుకున్నాను.

110వ రోజు

నీళ్లు లేని పరీక్ష. పొద్దున్నే కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా కుళాయి. దానికి కొంచెం లీకు.

మొదటి గంట ధైర్యంగా ఉన్నాను. రెండో గంటకి డాక్టరు గారి మొక్కకి పోస్తున్న నీళ్ల మీద అసూయ పుట్టింది. మూడో గంటకి ఆ మొక్కని బతిమాలడం మొదలుపెట్టాను. గంటగంటకీ బరువు చూస్తున్నారు, ఉచ్చ పరీక్షిస్తున్నారు. లోపలికి చుక్క పోకపోయినా బయటికి పోయేది ఆగలేదు. అదీ తెల్లగా, కుళాయి నీళ్లలా.

"అలవాటు కాదు" అన్నారు త్రినాథ్ గారు. "అలవాటే అయితే ఈపాటికి చిక్కబడి పచ్చగా రావాలి."

మధ్యాహ్నం ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. మెదడు చెప్పాల్సిన మాట ఆ సూది చెప్తుందట. గంట ఆగి మళ్లీ చూశారు. మార్పేమీ లేదు.

"కిడ్నీలకి కబురు అందుతోంది. అవే వినడం లేదు."

"ఒకసారి చెప్తే వినడం మా ఇంటా వంటా లేదు బాబూ" అన్నాను. నవ్వాననే అనుకున్నాను గానీ ఏడుపొచ్చింది. కిడ్నీలు పోతే నన్నే కిందికి పంపుతారేమో. అత్తకి ఇంక ఎవరున్నారు? ఆ మాటే పైకి అన్నాను. ఆయన కంగారుగా చెంబుడు నీళ్లు ఇచ్చి, ఆ కిడ్నీలు ఎందుకు వినడం లేదో కూడా తేలుస్తానని ఇంకో సీసాడు రక్తం తీసుకున్నారు. నేనా చెంబు ఎత్తి దించకుండా తాగేశాను.

112వ రోజు

తేలింది. ఎలా తేలిందో రాస్తాను. ఇందులో నా గొప్పేమీ లేదు, ఆయన గొప్ప కూడా లేదు.

"మీ రక్తంలో కాల్షియం చాలా ఎక్కువుంది. ఎముకల్లో ఉండాల్సిన సున్నం రక్తంలోకి వచ్చేసింది. కిడ్నీలని మొండికెత్తించింది అదే. ఒళ్లునొప్పులు, మలబద్ధకం, నీరసం, అన్నీ దాని పనే. కానీ అంత సున్నం ఎలా వచ్చింది? కిళ్లీ వేసుకుంటారా?"

"తమలపాకు బొమ్మలో చూడడమే."

"సుద్దముక్కలు తింటారా?"

"నేనేమైనా చిన్నపిల్లనా?"

"మెడలో గ్రంథి ఏదైనా చెడిందేమో... దానికి వేరే పరీక్ష పెట్టాలి. రేపు రండి" అంటూ లేచారు. అలవాటుగా సీసా అందుకున్నారు. అలవాటుగా నాలుక చాపాను.

చుక్క పడలేదు.

కళ్లు తెరిచి చూస్తే, ఆయన సీసా పట్టుకుని బంగారు మూత వంకే చూస్తున్నారు. నా నాలుక బయటే ఉంది.

"వరాలమ్మ గారూ... ఇవాళ ఇది ఎన్నో చుక్క?"

నాలుక లోపలికి లాక్కున్నాను. "లెక్కెవరు పెడతారు బాబూ? ఎన్ని గుమ్మాలు తొక్కితే అన్ని, నలభై ఇళ్లయితే నలభై."

"రోజుకి నలభై గుమ్మాలు!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నేను మందులేమైనా వాడుతున్నారా అనడిగాను. మీరు లేదన్నారు."

"ఇది మందేంటి? మర్యాద కదా?"

"నేనూ అలాగే అనుకున్నాను" అన్నారు నీరసంగా. "ఆ ఎండే మీ ఒంట్లోకి అవసరానికి మించి సున్నం లాగుతోంది. పైగా ఇది పదింతల సరుకు. అడిగిన రోజున నేను కూడా స్వయంగా ఒకటి వేసి పంపాను."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని సీసా బీరువాలో పెట్టి తాళం వేశారు. పుట్టి బుద్ధెరిగాక నాకు ఎండ ఇవ్వకుండా పంపిన మొదటి మనిషి ఆయన. ప్రాణం నిలబెట్టాడని తెలుస్తూనే ఉంది. అయినా ఛీ కొట్టినట్టనిపించి మొహం ముడుచుకున్నాను.

గుమ్మం దాటి నాలుగడుగులు వేశానో లేదో, ఆగిపోయాను. దాహం. నీరసం. మగత. ఇవన్నీ నాకంటే ముందు మా ఇంట్లో ఎవరికున్నాయి? సొరంగంలో ప్రతివాళ్లూ వచ్చి దీవెన కోసం ఎవరి నాలుక మీద చుక్క వేస్తున్నారు? పొద్దునా సాయంత్రం నా చేత్తో నేను ఎవరికి వేస్తున్నాను?

కాళ్లనొప్పులు మరిచిపోయి పరుగెత్తాను. జనం ధార గది కోసమనుకుని దారిచ్చారు. ఇంటికెళ్లేసరికి అత్త మంచం చుట్టూ ముగ్గురు. తవిటమ్మ చేతిలో సీసా, అత్త నోరు తెరిచి ఉంది.

"వెయ్యకు! చంపేస్తావా ఏంటి మా అత్తని!" అని కేకేశాను.

తవిటమ్మ చేతిలో సీసా జారి పడింది. ఎంత మాటన్నానో నాకు అప్పుడు తెలియలేదు. అప్పటికే త్రినాథ్ గారు రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. ఆయనకీ అదే ఆలోచన తట్టిందట. అత్త రక్తం తీశారు. ఆవిడ సున్నం ముందు నాదసలు లెక్కలోది కాదు.

118వ రోజు

మతిమరుపు ముసలితనం వల్ల వచ్చింది కాకపోవచ్చట. సున్నం దిగితే మతి తిరిగిరావచ్చు, రాకపోవచ్చు. త్రినాథ్ గారు మాట ఇవ్వలేదు. అత్తకి సెలైన్ పెట్టారు, సున్నం దించే మందులు మొదలుపెట్టారు. ఇద్దరికీ ఎండ బంద్. అసలు మందేమిటంటే నీళ్లు. కడుపునిండా, ఇప్పుడు తాగేదానికంటే ఎక్కువ.

ఆయన చీటీ రాసిచ్చారు. దమయంతి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నీళ్లు ఎక్కువ తాగడం జబ్బు అన్నారు. దానికి మందు ఇంకా ఎక్కువ నీళ్లా?"

"అవునండీ."

"మందు వాటా కింద అదనంగా నీళ్లు ఇస్తాను, మరి రాసిచ్చారు కదా. అది చాలకపోతే మాత్రం నన్నడగొద్దు. పెద్దల నాటి మర్యాదని విషమన్నారట మీరు. వీధంతా మండిపడుతోంది."

మండిపడడమంటే అలా ఇలా కాదు. ఫిల్టరు మార్చడానికెళ్తే సీసా చేత్తో పట్టుకుంటారు, నేను వద్దంటాను, మొహాలు మాడతాయి. నా గుమ్మానికి "మా ఇంట ఎండ పుచ్చుకోము" అని అట్ట కట్టాను. చావు ఇంటికైనా మనుషులొస్తారు గానీ మా ఇంటికి ఎవరూ రావడం లేదు. తవిటమ్మ గోడకవతల వంటచేస్తూ గిన్నెలు మోగిస్తోంది. ప్రతి గిన్నే నన్నే తిడుతోంది.

వారం గడవకముందే మందు వాటా అయిపోయింది. రేపటికి నాది తగ్గించుకుని అత్తకి పోస్తాను. నా కిడ్నీలు ఎలాగూ మాట వినేవి కావు.

121వ రోజు

పొద్దున తలుపు తీస్తే తవిటమ్మ. చేతిలో గ్లాసు. ఎండ అనుకుని నేను వద్దనబోయాను.

"నీల్లు" అంది నా మొహం చూడకుండా. "నా వాటాలోవి. నా సేత్తో ఆవిడకి ఎన్ని సుక్కలేశానో తలుసుకుంటే నిద్దరట్టడం లేదు. నువ్వేమో సంపేస్తావా అన్నావు."

"కోపంలో అన్నాను తవిటమ్మా. నేనూ వేశాను. నీకంటే ఎక్కువే వేశాను."

ఇద్దరం గుమ్మంలో నిలబడి ఏడ్చాం. తర్వాత ఆవిడ లోపలికొచ్చి అత్తకి గుక్కగుక్కగా తాగించింది. నీళ్లని ఇంకొకరికివ్వడమంటే మా దగ్గర ఏమిటో భూమ్మీదివాళ్లకి తెలియదు. సాయంత్రానికి ఇంకో రెండు గ్లాసులొచ్చాయి, ఎవరివో కూడా చూడలేదు. మా గుమ్మంలో మళ్లీ చెప్పులు కనబడుతున్నాయి.

139వ రోజు

నాకు దాహం సగానికి తగ్గింది. ఈ నెల జలదాత మా సొరంగంలోనే పదో వీధి మనిషి. వాళ్ల పేరు వెంటనే త్రినాథ్ గారికి చెప్పి వచ్చాను. శాలువా కప్పించుకున్నవాళ్లందరినీ పిలిపించి రక్తం చూస్తానన్నారు.

అత్త ఇవాళ కూర్చుంది. గోడకి వేలాడే పసుపు శాలువా వంక చూస్తూ "అదేటి?" అంది.

చెప్పాను. ఎందుకిచ్చారో, సభలో నేనెలా పరుగెత్తానో అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఇదివరకైతే వారం రోజులు ఆడిపోసుకునేది. ఆవిడ విన్నదీ లేనిదీ తెలియలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకా పదకొండు రోజులే ఉంది. నాకు భయంగా ఉంది.

150వ రోజు

దమయంతి గారు వచ్చారు. అలవాటుగా సంచీలో చెయ్యిపెట్టి, అట్ట చూసి, ఖాళీ చెయ్యి బయటికి తీశారు. వీధి సగం మా గుమ్మంలోనే ఉంది.

"అమ్మా, మీ పేరు?"

"పోయినసారి సెప్పాను. నీకూ మతి తప్పిందేటి?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇది ఏ ఊరు?"

"ఊరేటి, బొరియ. కుజుడి మీద."

దమయంతి గారు నన్ను చూపించారు. "మరి ఈవిడెవరు?"

అత్త నా వంక చూసింది. పైనించి కింది దాకా, నా జడ దాకా చూసింది. అయిపోయింది, మళ్లీ పంపు దగ్గరకే వెళ్లిపోయింది అనుకున్నాను.

"ఎవులేటి?" అంది చివరికి. "ఉచ్చోసి సాల్వా కప్పించుకున్న గుంట. ఊరందరి ముందూ మా ఇంటి పరువు తీసీసింది. వరాలు. నా కోడలు."

దమయంతి గారు కాగితం మడిచేశారు. తవిటమ్మ గుమ్మంలోనే చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపుతోపాటు అది కూడా వచ్చింది, ఇంకా పూర్తిగా తగ్గలేదు కదా. కళ్లు తుడుచుకుంటూనే ధార గదివైపు పరుగెత్తాను.

వెనకనించి అత్త గొంతు, ఏడాది కిందట ఎలా ఉండేదో అలాగే ఖంగుమని వినిపించింది.

"ఎల్లెల్లు! ఇంకో సాల్వా కప్పుతారు!"